జామెట్రీ బాక్స్‌లో నిద్రపోయిన నత్త

ముందే ఒక విషయం ఒప్పేసుకుంటా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. క్లబ్ మీటింగ్‌లో "నేను నత్తల మీద రాస్తా" అనగానే అందరూ నవ్వారు. "నీ సబ్మిషన్ కూడా నత్తనడకనే వస్తదిలే" అని ఒక సీనియర్ అన్నాడు. నిజంగానే మూడు వారాలు లేటయింది. కానీ రాశాను.

పోయిన వేసవి సెలవుల్లో మా నానమ్మ ఊరికి వెళ్ళా. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు. ఊరి వెనక ఒక గుట్ట ఉంది. పెద్దదేం కాదు, నల్లగా కాలిపోయినట్టుండే గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. నల్లగొండ, పాలమూరు తెలిసినవాళ్ళకి ఈ సీన్ కొత్త కాదు. బస్సు కిటికీలోంచి పది నిమిషాలకొక గుట్ట కనిపిస్తుంది. మే నెల, సాయంత్రం ఐదింటికి కూడా రాయి మీద చెయ్యి పెట్టలేం. ఊరికే ఒక చిన్న రాయి తిరగేస్తే దాని అడుగున మట్టిలో సగం కూరుకుపోయి తెల్లటి గుల్లలు కనిపించాయి. సెంటీమీటరు పొడుగుంటాయేమో. మనం మామూలుగా బొమ్మ వేసే గుండ్రటి నత్తలా కాదు, చిన్న సీసాలా, కోలగా ఉన్నాయి. ఒక ఏడు ఏరుకొచ్చా.

నానమ్మ చూసి, "గవన్నీ సచ్చిన గుల్లలు బిడ్డా, ఏం జేస్కుంటవ్?" అంది.

నాకూ చచ్చినవనే అనిపించింది. పాత జామెట్రీ బాక్స్‌లో వేసి, బ్యాగులో పడేసి, మర్చిపోయా. ఆగస్టులో ఒక రాత్రి మా రూమ్మేట్ కిటికీ తెరిచి పెట్టి నిద్రపోయాడు. వాన కొట్టి నా బ్యాగు మొత్తం తడిసింది. పొద్దున పుస్తకాలు ఆరబెడుతూ ఆ బాక్స్ తెరిస్తే, ఏడు గుల్లల్లో రెండు నడుస్తున్నాయి.

మే నుంచి ఆగస్టు దాకా అంటే మూడు నెలలు. తిండి లేదు, చుక్క నీళ్ళు లేవు. నా ఫోన్ బ్యాటరీ మధ్యాహ్నం రెండింటికే అయిపోతుంది. ఇదెలా కుదిరింది అన్న డౌట్‌తో మొదలుపెట్టి చదివిందే ఈ వ్యాసం.

స్లీప్ మోడ్

నత్త ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే. దాని చర్మానికి మనలా నీళ్ళు ఆపే పొర లేదు. పైగా నడవడానికి కూడా నీళ్ళే కావాలి, ఎందుకంటే అది కార్చే జిగురు మీదే అది జారుతుంది. అంటే నడిచే ప్రతి సెంటీమీటరుకూ నీళ్ళు ఖర్చు. ఇలాంటి జీవి చెరువు పక్కన ఉండాలి గానీ, ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే చోట, అది కూడా దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడే చోట, గుట్ట మీద ఏం చేస్తున్నట్టు?

సమాధానం: ఏడాదిలో ఎక్కువ కాలం ఏమీ చేయకపోవడమే. దీన్ని మన టెక్స్ట్ పుస్తకాల్లో గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. వానలు ఆగి నేల ఎండడం మొదలవగానే నత్త రాయి కిందికో, మట్టిలోకో, గడ్డి దుబ్బు మొదట్లోకో చేరుతుంది. ఒళ్ళంతా గుల్లలోకి లాక్కుంటుంది. గుల్ల నోటికి అడ్డంగా జిగురు పూస్తే అది ఎండి పల్చటి పొరలా, కాగితంలా తయారవుతుంది. కొన్ని జాతులు అందులో సున్నం కూడా కలిపి గట్టి మూత చేసుకుంటాయి. కొన్ని ఒకటి కాదు, రెండు మూడు పొరలు వేసుకుంటాయి.

తర్వాత లోపల అన్నీ తగ్గించేస్తుంది. గుండె కొట్టుకోవడం తగ్గుతుంది. ఊపిరి కూడా ఆగి ఆగి తీసుకుంటుంది, ఎందుకంటే ఊపిరి రంధ్రం తెరిచిన ప్రతిసారీ తేమ బయటికి పోతుంది. మూత్రం పోయడం అంటే నీళ్ళు వదలడమే కాబట్టి, వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, ఘనపదార్థంగా కిడ్నీలోనే దాచుకుంటుంది. వాన వచ్చాకే బయటికి పంపిస్తుంది. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే ఇది షట్‌డౌన్ కాదు, హైబర్నేట్. స్టేట్ మొత్తం సేవ్ అయి ఉంటుంది. తేమ తగలగానే ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలు.

ఎంత కాలం ఉండగలదు? దీనికి ఒక పాత కథ ఉంది, నిజంగా జరిగిందే. ఈజిప్టు ఎడారి నుంచి తెచ్చిన ఒక నత్త గుల్లని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 1846 మార్చి 25న ఒక అట్టముక్కకి గమ్‌తో అంటించారు. అందరూ అది ఖాళీ గుల్లే అనుకున్నారు. 1850 మార్చిలో ఎవరో చూస్తే గుల్ల నోటి దగ్గర కొత్త పొర మెరుస్తోంది. గోరువెచ్చటి నీళ్ళలో పెడితే నత్త బయటికొచ్చింది. దాదాపు నాలుగేళ్ళు, మన బీటెక్ మొత్తం, అట్టకి అతుక్కుని ఉందన్నమాట. దానితో పోలిస్తే నా జామెట్రీ బాక్స్ ఏమీ కాదు.

దీని వెనక లెక్కలు కూడా ఉన్నాయి. 1971లో ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులతో కలిసి ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి నత్తల మీద కొలతలు ప్రచురించారు. వేసవిలో నిద్రపోతున్న నత్త రోజుకి పోగొట్టుకునే నీళ్ళు అర మిల్లీగ్రాము. దాని ఒంట్లో ఉండే నీళ్ళు 1400 మిల్లీగ్రాములు. మీరే లెక్క వేయండి. ఏడాది మొత్తం కదలకుండా పడుకున్నా పోయేది దాదాపు 180 మిల్లీగ్రాములు, అంటే 13 శాతం. అందుకే వాటికి కొన్నేళ్ళు బతకడం కష్టం కాదు.

ఇంకో కొలత నాకు బాగా నచ్చింది. నేల ఉపరితలం 65 డిగ్రీలు కాలుతున్నప్పుడు, గుల్ల లోపల నత్త ఉన్న చోట 50 డిగ్రీలే ఉంది. ఎలాగంటే, నత్త గుల్లలో పై చుట్లలోకి ఎక్కేస్తుంది. నేలకి తగిలే కింది పెద్ద చుట్టు ఖాళీగా, గాలితో నిండి ఉంటుంది. ఆ గాలి వేడిని ఆపుతుంది. పైగా గుల్ల తెల్లగా ఉంటుంది కాబట్టి వెలుతురులో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొడుతుంది. మన ఇళ్ళ డాబాల మీద ఎండాకాలం సున్నం వేస్తారు కదా, అదే టెక్నిక్.

దాని పేరు కనుక్కోవడం

ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడితే, నత్తలు తెలిసినవాళ్ళు చూసి జూటెకస్ అన్నారు. పూర్తి పేరు జూటెకస్ ఇన్సులారిస్. 1831లో ఎరెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆఫ్రికా పక్కన కేప్ వెర్డె దీవుల దగ్గర మొదలై, ఉత్తర ఆఫ్రికా, అరేబియా మీదుగా, మన దేశంలోని పొడి నేలలన్నీ దాటి బర్మా దాకా ఉంటుంది. ఎక్కడ వాన తక్కువో, ఎక్కడ వేరే నత్తలు తట్టుకోలేవో అక్కడ ఇది ఉంటుంది. పాలమూరు నుంచి వలసపోయినవాళ్ళు లేని ఊరు లేదంటారు. అలా ఎండిన చోట్లన్నీ దీనికి సొంతూర్లే.

జూటెకస్ అన్న పేరు గ్రీకు మాటల నుంచి వచ్చింది, బతికున్న పిల్లల్ని కనేది అని అర్థం. మామూలుగా నేల నత్తలు తడి మట్టిలో గుంట తవ్వి గుడ్లు పెడతాయి. కానీ మన దగ్గర జూన్‌లో వాన పడిందని గుడ్లు పెడితే, జులైలో పదిహేను రోజులు చినుకు లేకపోతే ఏంటి గతి? రైతులకి ఈ బాధ బాగా తెలుసు. పత్తి గింజలు పెట్టాక వాన మొహం చాటేస్తే మళ్ళీ పెట్టాలి. జూటెకస్ ఆ రిస్క్ తీసుకోదు. గుడ్లని ఒంట్లోనే ఉంచుకుని, లోపలే పొదిగి, చిన్న గుల్లతో సహా తయారైన పిల్లల్ని బయటికి వదులుతుంది.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, చూసి తెలుసుకున్నది. ఆ రెండు నత్తల్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో తడి మట్టి, ఎండుటాకులు వేసి పెట్టా. మెస్‌లో కోడిగుడ్డు పెంకులు అడిగి తెచ్చి పొడి చేసి చల్లా. మెస్ అన్న విచిత్రంగా చూశాడు కానీ ఇచ్చాడు. మూడో వారంలో మట్టి మీద నువ్వుగింజ కన్నా చిన్నవి, గాజులా మెరిసేవి నాలుగు కనిపించాయి. మొదట ఇసుక రేణువులనుకున్నా. అరగంట చూస్తే ఒకటి జరిగింది. హాస్టల్ ఫ్లోర్ మొత్తం మా రూముకి వచ్చి చూసింది.

వీటిలో ఆడ, మగ అని విడివిడిగా ఉండవు. నేల నత్తల్లో చాలావరకు ప్రతి నత్తా రెండూను. ఏ రెండు ఎదురుపడ్డా జత కట్టొచ్చు. అసలే నెమ్మదిగా నడిచేవి, ఏడాదిలో కొన్ని వారాలే బయట తిరిగేవి. అలాంటప్పుడు ఎదురైన వాటిలో సగం పనికిరావంటే చాలా కష్టం కదా. ఈ పద్ధతిలో ఎదురైన ప్రతి నత్తా పనికొస్తుంది.

తల మీద రెండు జతల కొమ్ములుంటాయి. పొడుగు వాటి చివర్లలో కళ్ళు, కానీ వాటితో వెలుగూ చీకటీ మించి పెద్దగా తెలియదు. ప్రపంచాన్ని ఎక్కువగా వాసనతోనే తెలుసుకుంటుంది. నోట్లో పళ్ళు ఉంటాయి, అవి కూడా వేలల్లో. ఆకురాయిలాంటి ఒక నాలుక మీద వరసలుగా ఉంటాయి. ముందువి అరిగిపోతుంటే వెనక నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. దాంతో కుళ్ళిన ఆకు, పాచి, బూజు గీకి తింటుంది.

గుల్ల పెరిగే తీరు కూడా చూడాల్సిందే. నత్త గుల్ల మార్చదు. పుట్టినప్పటి గుల్లకే నోటి అంచు దగ్గర కొత్త సున్నం అతికిస్తూ పోతుంది. మొన చివర ఉన్నది దాని చిన్నతనం, నోటి దగ్గర ఉన్నది ఈ ఏడాది. మన వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తే, అది చివర్లో రాయడమే తప్ప పాతది చెరపని లాగ్ ఫైల్.

సున్నం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడే నత్త కథ మా జిల్లా కథతో కలుస్తుంది.

గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్, అంటే సున్నమే. వెనకటికి గుల్లల్ని కాల్చి గుల్ల సున్నం చేసేవాళ్ళు. నత్తకి ఈ కాల్షియం తిండిలోంచి, మట్టిలోంచి రావాలి. మట్టిలో సున్నం ఎక్కువుంటే నత్తలు ఎక్కువ, తక్కువుంటే తక్కువ. ప్రపంచంలో ఎక్కడైనా దాదాపు ఇదే రూల్.

మా వైపు గుట్టలు గ్రానైటు, నైస్ రాళ్ళు. 250 కోట్ల ఏళ్ళ నాటివి. గ్రానైటు సున్నపురాయి కాదు. కానీ ఆ రాయి అరిగేటప్పుడు అందులోని కాల్షియం కొద్దికొద్దిగా నీళ్ళలోకి వస్తుంది. ఎక్కువ వాన పడే చోట అది కొట్టుకుపోతుంది. మా దగ్గర వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్ళు ఆవిరైపోయి కాల్షియం అక్కడే మట్టిలో సున్నపు గడ్డలుగా మిగిలిపోతుంది. చల్క చేలల్లో దున్నేటప్పుడు తెల్లటి ముద్దల్లాంటి గడ్డలు తేలతాయి చూడండి, అవే.

ఇప్పుడు రెండో భాగం. గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు కూడా ఉన్నాయి. అవి కరిగి ఫ్లోరైడ్ భూగర్భ జలంలో చేరుతుంది. నీళ్ళలో కాల్షియం సరిపడా ఉంటే, ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా కిందికి దిగిపోతుంది. కానీ కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా మారి మట్టిలో ఉండిపోయింది కదా. ఇక నీళ్ళలో ఫ్లోరైడ్‌ని ఆపేది లేదు. బోరు ఎంత లోతుకి వేస్తే అంత సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. మర్రిగూడ వైపు ఊళ్ళు ఏళ్ళ తరబడి దానికి మించిన నీళ్ళు తాగాయి. ఫ్లోరైడ్ తీసేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపే పద్ధతి ఒకటి తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. వేరే దేశాల పుస్తకాల్లో కూడా అదే పేరు. ఊరి పేరు ప్రపంచానికి తెలియడానికి ఇంతకన్నా మంచి కారణం ఉంటే బాగుండేది.

మా నానమ్మ పళ్ళ మీద గోధుమరంగు గీతలుంటాయి. చిన్నప్పుడు అది వక్కాకు మరక అనుకునేవాణ్ణి. ఊళ్ళో ఆమె వయసువాళ్ళు కొందరు మోకాళ్ళు నిటారుగా చాపలేరు. ఇప్పుడు కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి, చిన్నపిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. కానీ పోయిన ఎముకలు తిరిగి రావు.

రాయి, ఎండ, ఆవిరి. అవే మూడూ కలిసి ఆ మట్టిలో నత్త గుల్లకి పనికొచ్చే సున్నాన్ని వదిలాయి, ఆ నీళ్ళలో మనుషుల ఎముకల్ని వంచే ఫ్లోరైడ్‌ని వదిలాయి. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు.

ఉంటే ఏంటి, పోతే ఏంటి?

ఈ ప్రశ్న మా రూమ్మేటే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

మొదటిది, మట్టి. నెగెవ్ ఎడారిలోనే ఇంకో రెండు రకాల చిన్న నత్తలు సున్నపురాయి లోపల పెరిగే లైకెన్ల కోసం రాయినే గీకి తింటాయి. ఏడాదికి హెక్టారుకి 0.7 నుంచి 1.1 టన్నుల రాయిని అవి పొడి చేస్తున్నాయని, ఆ మట్టికి చేరే నత్రజనిలో కనీసం 11 శాతం వాటి రెట్టలోంచే వస్తోందని 1990లో నేచర్ పత్రికలో వచ్చింది. వేలెడంత కూడా లేని జీవులు టన్నుల్లో పని చేస్తున్నాయి. మన గుట్టల మీద నత్తలు అంత రాయి తినవు. కానీ ఎండుటాకుని మట్టిగా మార్చే పనిలో చెదలు, వానపాములతో పాటు వీటికీ వాటా ఉంది.

రెండోది, పక్షులు. పక్షి గుడ్డు పెంకుకి కాల్షియం కావాలి. గింజల్లో, పురుగుల్లో అది తక్కువ. నెదర్లాండ్స్‌లో ఆమ్ల వర్షాల వల్ల అడవి మట్టిలో కాల్షియం తగ్గి, నత్తలు తగ్గి, ఆ అడవిలోని చిన్న పిట్టలు పెంకు సరిగా లేని గుడ్లు పెట్టాయని 1994లో తేల్చారు. మధ్యలోని నత్తని తీసేస్తే పైనున్న పిట్ట గూడు ఖాళీ అయింది. మన జెముడుకాకి కూడా నత్తల్ని ఇష్టంగా తింటుంది.

మూడోది మిణుగురులు. "మా చిన్నప్పుడు ఎన్ని మిణుగురులు ఉండేవో" అని మన పెద్దవాళ్ళందరూ అంటారు. మిణుగురు పిల్లపురుగు దశలో ఏం తింటుందో తెలుసా? ఎక్కువగా నత్తల్నే. నత్త లేని చోట ఆ వెలుతురు కూడా కష్టమే.

ఇప్పుడు పెద్ద లెక్క. అంతరించిపోయిన జంతువులంటే మనకి డోడో, పులి బొమ్మలు గుర్తొస్తాయి. 2004లో శాస్త్రవేత్తలు ఐయూసీఎన్ జాబితా తీసి లెక్కపెట్టారు. 1500 నుంచి అంతరించినట్టు నమోదైన జంతు జాతులు 693. వాటిలో 291 నత్తలు, ఆల్చిప్పలు లాంటి మెత్తటి జీవులే. అంటే 42 శాతం. పక్షులు, క్షీరదాల కన్నా ఎక్కువ. అందులోనూ దాదాపు అన్నీ సముద్రంలోవి కాదు, నేల మీదవి, మంచినీళ్ళలోవి. ఒక్కదానికీ సంతాప సభ జరగలేదు. సరే, ఒకదానికి జరిగినట్టే. హవాయిలో జార్జ్ అనే నత్త, దాని జాతిలో చిట్టచివరిది, 2019 జనవరి 1న చనిపోతే ప్రపంచమంతా వార్త వేసింది.

ఆఫ్రికా నత్త వేరు

ఇక్కడ ఒక కన్‌ఫ్యూజన్ తీర్చాలి. "నత్తల్ని కాపాడాలా? మా ఇంటి తోట మొత్తం తినేశాయి" అని మీలో కొందరు అంటారు. మీ తోట తిన్నది అరచేయంత పెరిగే ఆఫ్రికా రాక్షస నత్త. అది మనది కాదు. 1847లో విలియం బెన్సన్ అనే ఇంగ్లీషు దొర, ఆయన కూడా నత్తల శాస్త్రవేత్తే, మారిషస్ నుంచి తెచ్చి కలకత్తా చౌరంగీలో ఒక తోటలో వదిలాడు. అక్కడి నుంచి దేశమంతా పాకింది. ఒక్కసారి వందకి పైగా గుడ్లు పెడుతుంది, వందల రకాల మొక్కలు తింటుంది. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక నులిపురుగుని మోస్తుంది. అది మనిషిలోకి చేరితే మెదడు పొరలకి వాపు వస్తుంది. దాన్ని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు.

దీన్ని చంపబోయి జరిగిన ఘోరం ఒకటుంది. తాహితి దీవిలో 1974లో, పక్కనున్న మూరియాలో 1977లో, ఆఫ్రికా నత్తని తింటుందని ఇంకో వేట నత్తని తెచ్చి వదిలారు. అది ఆఫ్రికా నత్త జోలికి పెద్దగా పోలేదు. అక్కడి చిన్న పార్టులా నత్తల్ని వెతికి వెతికి తినేసింది. పదేళ్ళలో మూరియాలో ఉన్న ఏడు పార్టులా జాతులూ అడవిలో లేకుండా పోయాయి. ఒక బగ్ ఫిక్స్ చేయబోయి ప్రొడక్షన్ మొత్తం డిలీట్ చేయడం అంటే ఇదే.

కానీ కొందరు శాస్త్రవేత్తలు ముందే కొన్నిటిని డబ్బాల్లో పట్టుకొచ్చారు. లండన్ జూతో పాటు చాలా జూలలో వాటిని ముప్పై ఏళ్ళకు పైగా పెంచారు. 2015 నుంచి మళ్ళీ దీవుల్లో వదలడం మొదలుపెట్టారు. ఒక్కొక్క నత్త గుల్ల మీద అతినీలలోహిత దీపానికి మెరిసే చుక్క పెట్టి మరీ వదిలారు. తర్వాత వెతుకుతుంటే చుక్క లేని పెద్ద నత్త దొరికింది. అంటే అడవిలోనే పుట్టి పెరిగింది. 2024లో పార్టులా తోహివియానా అనే జాతిని "అడవిలో అంతరించింది" అన్న జాబితాలోంచి తీశారు. ఇంకా ప్రమాదంలోనే ఉంది, కానీ అడవిలో ఉంది.

గుట్ట పోతే

నా జూటెకస్ అంతరించే జాబితాలో లేదు. కేప్ వెర్డె నుంచి బర్మా దాకా ఉన్నదానికి ప్రమాదమేంటి అనొచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది.

నత్తతో సమస్య ఏంటంటే, అది వేరే చోటికి పోలేదు. గుట్టకీ గుట్టకీ మధ్య రెండు కిలోమీటర్ల పత్తి చేను ఉంటే, నత్తకి అది సముద్రం. కాబట్టి ప్రతి గుట్టా ఒక దీవి లాంటిది. ఒక గుట్ట మీదవి పోతే పక్క గుట్ట నుంచి వచ్చి నింపవు. దీని చివరి రూపం మలేషియాలో కనిపించింది. అక్కడ బుకిట్ పాంచింగ్ అనే సున్నపురాయి గుట్ట మీద మాత్రమే ఒక చిన్న నత్త ఉండేది, ప్లెక్టోస్టోమా సియాఫిలం. సిమెంటు కోసం గుట్టని పూర్తిగా తవ్వేశారు. గుట్టతో పాటే జాతి పోయింది. 2014లో ఐయూసీఎన్ అంతరించిందని ప్రకటించింది. అదే 2014లో, అదే దేశంలో, లాఫార్జ్ సిమెంటు కంపెనీ తవ్వుతున్న ఇంకో గుట్ట మీద కొత్త నత్త దొరికితే, శాస్త్రవేత్తలు దానికి చారోపా లాఫార్జీ అని ఆ కంపెనీ పేరే పెట్టారు. దీని బతుకు మీ చేతుల్లోనే ఉంది అని చెప్పడానికి.

మన హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, మఠంపల్లి, వాడపల్లి వైపు వెళ్తే సున్నపురాయి నేలలే, సిమెంటు ఫ్యాక్టరీలే. సున్నం ఎక్కడుంటే నత్తలు అక్కడ అని పైన చెప్పా కదా. మిగతా నల్లగొండ, పాలమూరులో గ్రానైటు క్వారీలు. మన దేశంలో నేల నత్తలు వెయ్యికి పైగా జాతులున్నాయి. వాటిని గుర్తుపట్టడానికి ఈ రోజుకీ మొదట తెరిచేది 1908, 1914, 1921లో అచ్చయిన బ్రిటిష్ ఇండియా కాలం నాటి మూడు సంపుటాలే.

పెద్ద అడవికి గొంతు ఉంటుంది. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలంటే జనం రోడ్డెక్కారు, అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. అక్కడ అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, పులి ఉంది, చెంచులు ఉన్నారు. ఊరి వెనక గుట్టకి పులి లేదు. ఉన్నవల్లా నత్తలు, తొండలు, తేళ్ళు, నాలుగు సీతాఫలం చెట్లు.

దసరాకి ఊరెళ్ళా. నా డబ్బా కూడా తీసుకెళ్ళా. నత్తల్ని ఎక్కడి నుంచి తెచ్చామో అక్కడే వదలాలని చదివా, వేరే చోట వదిలితే అక్కడివాటికి రోగాలు అంటొచ్చు. గుట్ట దగ్గరికి వెళ్తే ఆ వైపు గుట్ట లేదు. మేలో నేను రాయి తిరగేసిన చోట నిలువుగా కోసిన గోడ, దాని మీద వరసగా డ్రిల్లు గీతలు, కింద ఆకుపచ్చ నీళ్ళు. ఊళ్ళో కొందరికి అక్కడే పని దొరికిందని నానమ్మ చెప్పింది. అందుకే ఎవర్నీ తిట్టాలనిపించలేదు. బొంబాయి పోకుండా ఊళ్ళోనే కూలి దొరుకుతుంటే వద్దని నేనెలా అంటా? కానీ తవ్వే ముందు ఆ గుట్ట మీద ఏముందో ఒక్కసారి ఎవరైనా చూసి రాసిపెట్టి ఉంటే బాగుండేదనిపించింది. గుట్ట మొత్తం కాకపోయినా ఒక వైపు వదిలేసినా నత్తకి చాలు.

ఆ రోజు బతుకమ్మ కోసం గునుగు పూలు కోయడానికి పిల్లలు గుట్టకి ఇంకో వైపు ఎక్కుతున్నారు. వాళ్ళ వెనకే వెళ్ళా. అక్కడ రాయి తిరగేస్తే అవే తెల్ల గుల్లలు ఉన్నాయి. రెండు పెద్దవి, నాలుగు చిన్నవి అక్కడే తడి మట్టిలో పెట్టి, రాయి మళ్ళీ మెల్లగా బోర్లించా.

మనం ఏం చేయొచ్చు

పెద్ద పనులేం కాదు. మొదటి వానలకి ఆరుద్ర పురుగులు ఎర్రగా బయటికొచ్చే రోజుల్లోనే నత్తలూ లేస్తాయి. ఆ వారం మీ ఊళ్ళో గుట్ట ఎక్కండి. నత్త కనిపిస్తే పై నుంచి, పక్క నుంచి, గుల్ల నోటి వైపు నుంచి మూడు ఫోటోలు తీయండి. పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది. లొకేషన్‌తో ఐనాచురలిస్ట్‌లో పెట్టండి. ఎత్తిన రాయిని మళ్ళీ అలాగే పెట్టండి, దాని కింది తేమే వాటి ఇల్లు. తమాషాకి ఉప్పు చల్లకండి, ఒంట్లో నీళ్ళన్నీ లాగేసి చాలా బాధ పెట్టి చంపుతుంది. నాలా ఏరుకుని ఇంటికీ తెచ్చుకోకండి. ఏడింటిలో ఐదు నిజంగానే ఖాళీ గుల్లలా, నా బాక్స్‌లో చచ్చిపోయాయా అన్న డౌట్ నన్ను ఇంకా వదల్లేదు.

మన క్లబ్ తరఫున వచ్చే వానాకాలం ఒక ఆదివారం నల్లగొండ వైపు వెళ్దామని అడిగా. ఐదుగురు వస్తామన్నారు. ఆరో సీటు ఖాళీ ఉంది. ఫోటోలు దిగిన గుట్టల లిస్టు ఒక షీట్‌లో పెడుతున్నా, ఇప్పటికి అందులో ఒకే ఒక్క వరస ఉంది: మా నానమ్మ ఊరి గుట్ట, మిగిలిన సగం.